ఏలీయాకి దొరికిన సీటు

ట్రాక్టరు ఎక్కేముందు ఏలీయా సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. పడుకున్న గేదెను లేపినట్టు. ఎందుకని అడిగితే చెప్పలేడు. ఒకప్పుడు సీటు మీద దుమ్ముండేది, దులిపేవాడు. తరువాత ఎండకి ఇనుము కాలేది, చూసుకునేవాడు. ఇప్పుడు ఊరికే కొడతాడు. తనకంటే ముందు దానికి తగలాలని కాబోలు.

అతనిది చందర్లపాడు దాటాక వచ్చే పల్లె. బండి చిన్నది, పాతది. సాళ్ళ మధ్య సన్నగా దూరిపోతుంది. పత్తిలో, మిరపలో కలుపు కోసే గుంటక తోలాలంటే చుట్టుపక్కల అందరూ అతన్నే పిలుస్తారు. సీటులో స్పాంజి ఏనాడో పోయింది. మిగిలింది ఇనుప పళ్ళెం. ఎవరైనా దిండేసుకుని తోలుతుంటే గట్టు మీద ఆగి, "ఏరా, బాలింతవా?" అని అడిగిన మనిషి ఏలీయా.

అలా అడిగిన మనిషికే యాభై ఎనిమిదో ఏట నడుం పట్టేసింది. చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటే, తను కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడేవాడు. భక్తి ఎక్కువై నిలబడినట్టు కనపడాలని కళ్ళు మూసుకునేవాడు.

నందిగామ డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూశాడు. కుదుపు తగ్గించుకోవాలి, లేదంటే బండి దిగిపోవాలి అన్నాడు. పక్కనే ఉన్న భార్య దేవమణి రెండో మాటే వింది.

"సీటన్నా బాగుచేయించు, తాళమన్నా ఇచ్చెయ్. మా రత్నబాబు తోలతాడు," అంది ఇంటికొచ్చాక.

"మీ తమ్ముడా? ఆటో తోలినట్టు తోలతాడు. సాళ్ళు మిగులుతాయా?"

"సాళ్ళు మిగలకపోతే పోయె. నువ్వు మిగులుతావు."

వానపడి పత్తి గుంటకకి వచ్చేదాకా గడువిచ్చింది. ఏలీయాకి భయం వేసింది. బండి మీద ఉంటే అతను ఏలీయా. బండి దిగితే నడుం నొప్పి ఉన్న ఒక ముసలాయన. అలాంటివాళ్ళు ఊళ్ళో ఇప్పటికే చాలామంది ఉన్నారు.

పాత పరుపు కోసి, ముక్కని యూరియా సంచిలో కుక్కి, పళ్ళానికి తాళ్ళతో కట్టాడు. ఆ రోజంతా జమీందారులా తోలాడు. రాత్రి వాన కురిసింది. పొద్దున చూస్తే సంచి పైపైన ఆరిపోయే ఉంది. రెండు దెబ్బలు వేసి కూర్చున్నాడు. పరుపు రాత్రంతా దాచుకున్న నీళ్ళు ఒక్కసారే పైకొచ్చాయి. నందిగామలో టీకొట్టు ముందు దిగితే వెనకనుంచి ఎవరో అన్నారు:

"పెద్దాయనా, బస్టాండులో బాత్రూం ఉందిగా!"

ఆ ఆదివారం చర్చికి రెడ్డిగూడెం నుంచి కొత్త పాస్టరు వచ్చారు. ప్రార్థన మనవులు ఏమన్నా ఉన్నాయా అని అడిగారు. దేవమణి లేచి నిలబడింది.

"మా ఆయనకి మంచి సీటు దొరకాలని ప్రార్థన చెయ్యండి అయ్యగారూ."

పంచాయతీ ఎన్నికలు వస్తాయని ఊరంతా అనుకుంటున్న రోజులవి. పాస్టరుగారు గోడ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషిని చూశారు. నాయకుడి లక్షణాలు కనపడ్డాయేమో, గొంతు పెంచారు.

"ప్రభువా, నీ దాసుడు ఏలీయాకి ఆ సీటు దయచేయుము. పోటీ పడేవారి ఆలోచనలు తారుమారు చేయుము. ప్రజలకి సేవచేసే భాగ్యమిమ్ము!"

అందరూ ఆమెన్ అన్నారు. ఏలీయా కూడా అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు.

అక్కడే నవ్వేసి, నాకు కావలసింది ట్రాక్టరు సీటండీ అనుంటే సరిపోయేది. అనలేదు. చర్చి బయట ఇద్దరు కుర్రాళ్ళు నమస్కారం పెట్టారు. ఒకావిడ, "అన్నా, గెలిచాక మా వీధిలో లైటు వేయించు," అంది. ఏలీయా గంభీరంగా "చూద్దాం" అన్నాడు. అంతకుముందు ఎన్నడూ అనని ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

మర్నాడు జగ్గయ్యపేట పోయి, పాత ఇనుము కొట్లో ఒక కారు సీటు కొన్నాడు. వెనక వీపు, దానిమీద తల ఆనించుకునే దిండు. ట్రాక్టరుకి అంతెందుకని కొట్టువాడే అడిగాడు. వారం క్రితమైతే ఏలీయా కూడా అడిగేవాడు. ఇంటికి తేవడానికి దొరికింది సామాన్ల ఆటో. డ్రైవరు పక్కన చోటు లేదు. దాంతో వెనక తొట్లో కారు సీటు నిలబెట్టి, దానిమీదే కూర్చుని బయల్దేరాడు. చిల్లకల్లు దగ్గర బండి నెమ్మదించింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తల తిప్పి చూశారు. ఒకాయన సలాం కొట్టాడు. ఏలీయా చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి మలుపు తిరిగేదాకా దించలేదు.

ఆ సీటుని బండికి తనే బిగించాడు. మర్నాడు ప్రేమానందం మాస్టారి పత్తిలో దిగాడు. రిటైరైన పంతులుగారు, మొక్క మొక్కనీ పిల్లాణ్ణి చూసినట్టు చూసుకుంటారు. సీటు మెత్తగా ఉంది. కానీ ఎత్తుగా ఉంది. క్లచ్చి అందాలంటే జారాలి. వెనక గుంటక ఎటు పోతోందో తిరిగి చూద్దామంటే వీపు అడ్డం. వీపు దాటి చూస్తే తలదిండు అడ్డం. సాలు చివర తిరిగేసరికి కలుపుతో పాటు ఒక వరస పత్తి మొత్తం పడుకుని ఉంది.

మాస్టారు పడిపోయిన మొక్కని చేత్తో పట్టుకుని వచ్చారు.

"సీటొచ్చిందని ప్రజల్ని చూడ్డం మానేశావా ఏలీయా?"

ఏలీయా బండి ఆపాడు. నోటికి దొరికిన మాట అనేశాడు.

"చూద్దాం మాస్టారూ."

మాస్టారికి నవ్వాగలేదు. వరస పోయినా నవ్వారు. సాయంత్రానికి కబురు దేవమణికి చేరింది. తాళం ఆమె కొంగుకి చేరింది.

"సాళ్ళు మా తమ్ముడే పాడుచేస్తాడన్నావుగా," అంది.

ఒక్కసారి సరిగ్గా చేయిస్తానని బతిమాలాడు. ఒప్పుకుంది, కానీ బండి నందిగామ దాకా రత్నబాబు తోలాడు. ఏలీయా వెనక ఆటోలో వెళ్ళాడు, తన బండి వెనక తనే చుట్టంలా.

జాన్‌బాషా ఆటోలకీ బస్సులకీ సీట్లు కుడతాడు. కారు సీటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తలదిండు దేనికన్నా? దున్నుతా నిద్రపోతావా?"

"గౌరవానికి పెట్టించా."

"గౌరవం కోసేద్దామా?"

"కోసెయ్."

వీపు కోసేశాడు. బండి మీది వంగిన పాత ఇనుప పళ్ళెం కొట్టి సాపు చేశాడు. ఎత్తు తగ్గేలా పలచని గట్టి స్పాంజి పెట్టి రెక్సిను కుట్టాడు. కింద టైరు రబ్బరు ముక్కలు వేసి బోల్టులు బిగించాడు. ఇంత చేసి, కొంచెం దూరం జరిగి చూసి, నాలిక కరుచుకున్నాడు.

"తప్పయిందన్నా. బెజ్జాలు తేడా వచ్చినయి. సీటు కుడికి తిరిగింది. ఉండు, విప్పి మళ్ళీ బిగిస్తా."

"బావా, ఇది పక్కింట్లోకి చూస్తోంది," అన్నాడు రత్నబాబు పగలబడి నవ్వుతూ.

ఏలీయా సీటు మీద రెండు దెబ్బలు వేసి ఎక్కాడు. అలవాటుకొద్దీ కుడిచేతి మీదుగా వెనక్కి తిరిగి గుంటక వైపు చూశాడు. నడుం పట్టలేదు. ముందుకి తిరిగి, మళ్ళీ వెనక్కి చూశాడు. పట్టలేదు. ఇన్నేళ్ళూ కూర్చోవడం ముందుకి కూర్చున్నాడు, చూడడం వెనక్కి చూశాడు. ముడ్డి ఒకవైపు, మొహం ఒకవైపు. మధ్యలో నడుం ఏమవుతుందో ఎవరూ దాన్ని అడగలేదు. ఇప్పుడు సీటే సగం తిరిగి ఉంది. మిగతా సగం తను తిరిగితే చాలు.

"విప్పకు బాషా."

"జనం నవ్వుతారన్నా."

"ఇప్పుడేమన్నా ఏడుస్తున్నారా?"

ఇంటికి తనే తోలుకుంటానని పట్టుబట్టాడు. రోడ్డు మీద ముందుకి చూడాలి. సీటు కుడికి లాగుతుంది, రోడ్డు ఎడమకి లాగుతుంది. చందర్లపాడు వచ్చేసరికి నడుం మళ్ళీ అరిచింది. పల్లెలో దిగినప్పుడు మొహం మామూలుగా పెట్టాలని చూశాడు. దేవమణి ఆ మొహాన్ని చాలాకాలంగా చూస్తోంది.

"నిజం చెప్పు."

బాగుందని చెప్పడానికి నోరు తెరిచాడు. ఇప్పటికే ఒక అబద్ధాన్ని ఆమెన్ అని మోసుకు తిరుగుతున్నాడు. ఇంకోటి మొయ్యడానికి నడుం ఒప్పుకోదు.

"పొలంలో బాగుంటది. రోడ్డు మీద బాగుండదు," అన్నాడు.

"అయితే ఎట్టా?"

ఏలీయా పోయి మంచం మీద వాలాడు.

మర్నాడు పొద్దున్నే రత్నబాబు ఇంటికి తనే వెళ్ళి తాళం చేతిలో పెట్టాడు. "రోడ్డు నీది రా," అన్నాడు. రత్నబాబు వంకరగా కూర్చుని, పక్కచూపులు చూస్తూ, తిట్టుకుంటూ బండి తోలాడు. ఏలీయా కండువా నడుముకి బిగించి, దాని వెనక నడిచాడు. మాస్టారి పొలం గట్టు దగ్గర రత్నబాబుని దింపి, తను ఎక్కాడు. వెనక్కి తిరిగి, గుంటకని నేలలోకి దించాడు.