పార్డన్ సార్ అనబోయి

దువ్వాడలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. ఆ ఏడాది మా కాలేజీకి వచ్చిన ఆఖరి కంపెనీ అది. అంతకుముందు వచ్చిన ఏ కంపెనీలోనూ నేను ఎంపిక కాలేదు. అర్థం కాని ప్రశ్నకి కూడా తలూపేయడం నా జబ్బు. మాకు ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇవ్వడానికి ద్వారకా నగర్ నుంచి వచ్చే మేడమ్ అది కనిపెట్టేశారు. "వినపడకపోతే తలూపకు. పార్డన్ సార్ అని అడుగు" అంటూ ఆ మాట నాచేత పదేపదే అనిపించారు.

ఇంటర్వ్యూలో కళ్లజోడు పెద్దాయన ఏదో అడుగుతుండగా, కాలేజీ వెనక నుంచి గూడ్సు బండి వెళ్లింది. ఒక్క ముక్క వినపడలేదు. అలవాటుగా తల ఊగబోతే ఆపుకున్నాను. తీరా చూస్తే పార్డన్ అన్న మాట గుర్తుకు రాలేదు. హాస్టల్లో రోజంతా అనుకునే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"ఏటి బావ?"

నా చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్లిపోదామా అనుకుంటుండగా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మాదీ ఈ పక్కనే, పెందుర్తే బావ. బండి ఎల్లిపోనీ, మల్లీ అడుగుతాను" అన్నారు.

మళ్లీ అడిగారు. తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. ఉద్యోగం వచ్చింది. ఈనాటికీ అర్థం కాని చోట అడుగుతానే తప్ప తలూపను.

చేరిన రోజు లిఫ్టు దగ్గర ఆయన కనిపించారు. మేడమ్ నేర్పినట్టే నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఉద్యోగం రాగానే సుట్టరికం ఒదిలీసావేటి?" అన్నారు.