ఇంజిన్ నూనె తాగిన నారుమడి

1966 జూన్‌లో బోధన్ దగ్గరి ఒక సర్కారు విత్తన ఫారంలో, అప్పటికే అక్కడ కూలి చేస్తున్న నన్ను విత్తనాల గదికి వేశారు. నాలుగో తరగతి చదువు, దినకూలీ హోదా. నాపైన ఫీల్డ్‌మ్యాన్, ఆయనపైన సూపరింటెండెంటు. నా పని మొలక పరీక్ష. నూరు వడ్లు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి, మొలిచినవెన్నో రిజిస్టరులో రాయాలి. ఎనభైకి తగ్గితే ఆ బస్తా విత్తనానికి పనికిరాదు.

ఆ వానాకాలం నేను మంచిదని రాసిన ఒక బస్తా అంతా నీళ్లు తోడే ఇంజిన్ పక్క మడిలో చల్లారు. చుట్టూ మడులన్నీ పచ్చబడినా అది మాత్రం గుండు చేయించుకున్నట్టు ఉండిపోయింది. పది రోజుల్లో కారణం తేల్చకపోతే గది తాళం ఇచ్చేసి చెరకు తోటలో కలుపుతీతకు పొమ్మన్నారు సూపరింటెండెంటు.

నమూనాకు దాచిన వడ్లు మళ్లీ చుట్టాను. తొంభై రెండు మొలిచాయి. అంటే తప్పు మట్టిది. కొత్త కుండలు దండగని, ఆఫీసు చాయ్‌పత్తి డబ్బాలు రెండు తెచ్చి అడుగున చిల్లులు పొడిచాను. ఒకదాంట్లో ఆ మడి మట్టి, రెండోదాంట్లో దూరపు మడి మట్టి. రెండింటికీ అవే వడ్లు, అవే నీళ్లు.

ఇంజిన్ డ్రైవర్ ఖాదర్ రోజూ పరామర్శకు వచ్చేవాడు.

"అక్కా, గీ డబ్బాకు బుఖార్ వచ్చినట్టుంది. తాయెత్తు కట్టిస్తవా?"

"నీ నోటికి కట్టిస్త. జరుగు."

వారం తిరిగేసరికి దూరపు మట్టిలో బెత్తెడు నారు లేచింది. ఇంజిన్ పక్క మట్టిలో నాలుగే మొలకలు, అవీ పసుపు రంగువి. నీళ్లు పోస్తే ఇంకకుండా పైన మిలమిల తేలాయి. మట్టి నలిపితే కాలిన ఇంజిన్ నూనె వాసన. నూనె పట్టిన మట్టి వేరుకు నీరూ గాలీ అందనివ్వదని ఫీల్డ్‌మ్యాన్ చెప్పారు.

కొంగు బొడ్లో దోపి, సూపరింటెండెంటు ముందే ఖాదర్‌ను నిలదీశాను. "ఆడ నూనె ఎవరు పొయ్యమన్నరు నీకు?"

ఖాదర్ గడ్డం గోక్కున్నాడు. "నువ్వే గద అక్కా. ఎండకాలం నేను పారబోస్తుంటే, 'గింత నూనె దండగ జేస్తవా, మడి గట్టుకు పొయ్యి, చెదలన్న సస్తయ్' అని తిట్టినవ్. గప్పటిసంది ఒక్క సుక్క దండగ జెయ్యలే."

గట్టు మీది నూనె తొలి వానకు మడిలోకి దిగింది. సూపరింటెండెంటు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

రిజిస్టరులో నా చేతితోనే రాశాను: విత్తనం మంచిది, మట్టికి నూనె పట్టింది, పోయమన్నది నేను. తాళం నా దగ్గరే ఉంచారు. ఆ మడి పైమట్టి ఎత్తిపోసే పనికి మాత్రం నన్నూ ఖాదర్‌నూ కలిపి పంపారు.

విత్తనంతో పాటు మట్టినీ పరీక్షించాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ మడిలో చల్లాలన్నా ముందు ఆ మట్టితో డబ్బా పెట్టేదాన్ని. డబ్బాలు అవే రెండు.