మిషన్‌కి తెలుగని చెప్పకుండ్రి

జెరాక్స్ దుకాణం మనిషి నా అక్షరాలను జిలేబీలన్న రోజు నాకు బాగా గుర్తుంది. కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోతాను గాని, పడ్డ మాట మరిచిపోవడం నాకు చేతకాదు. ఆ రోజు గుణింతాల పేజీలు రంగుల్లో తీయించడానికి వెళ్ళాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పక్క దుకాణం ఆయనకి చూపించి, "యే దేఖో, జలేబీ" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కాపీలు తీసి, పిన్ను కొట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే సగం పేజీలు తలకిందులుగా ఉన్నాయి. తిరిగి తీసుకెళ్తే, ఎటు చూసినా ఒకలాగే ఉంది, మాకేం తెలుస్తుంది అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళుగా సూరత్‌లో ఉంటున్నాను. ఇక్కడి అక్షరాలు నేను నేర్చుకున్నాను. బస్సు మీది బోర్డు చదువుతాను, కరెంటు బిల్లు చదువుతాను. నా అక్షరాలకు తల ఎటో కాళ్ళెటో తెలుసుకునే తీరిక మాత్రం ఈ ఊళ్ళో ఎవరికీ దొరకలేదు. ఇంట్లోనే ఒక కలర్ ప్రింటర్ ఉండాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఆదివారాలు మా హాల్లో తెలుగు చదవడం, రాయడం నేర్పుతాను. వచ్చేవాళ్ళలో చాలామంది మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పిల్లలు. పిల్లలంటే పెళ్ళిళ్ళయిన ఆడవాళ్ళు కూడా. ఇక్కడే పుట్టి గుజరాతీ బళ్ళో చదివారు. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒక్క ముక్క చదవలేరు. గుజరాతీకి అలవాటుపడ్డ కంటికి మన అక్షరం ఎక్కడ ముగుస్తుందో, గుడి ఎక్కడ మొదలవుతుందో అందదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అక్షరం నలుపు. గుడి, గుడిదీర్ఘం ఎరుపు. కొమ్ములు నీలం. ఏత్వాలు ఆకుపచ్చ. ఒత్తులు ఊదా. రంగు తీసేస్తే నా పాఠం లేదు.

అప్పుడే ఒకామె కొత్తగా చేరింది. ముప్పై దాటి ఉంటాయి. బమ్రోలి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఇంట్లోనే చీరల మీద రాళ్ళు అతికించే పని చేస్తుంది. నన్ను అక్కా అని పిలిచేది. తెలుగు ఇప్పుడెందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని అడిగాను.

"మా చిన్నాయిన ఊరి నుంచి ఒక కాగజ్ ఫొటో పంపిండక్కా. మా బాపు ఇంటి జాగ సంగతంట. బాపు లేడు గదా, నా సహీ గావాల్నంట. గీ నెల ఆఖర్ల ఆయనే వస్తడంట కాగజ్ పట్టుకొని."

సహీ అంటే ఇక్కడ సంతకం. ఫోను ఇటివ్వు, చదివి చెప్తానన్నాను. ఆమె ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దక్కా. మీరు చదివితే మీరు చదివినట్టు. నేను చదవాలె. ఏం రాసిండ్రని అడిగితే, 'నీకు చదువొస్తదా ఏంది, చూపిచ్చిన కాడ సహీ పెట్టు' అన్నడు."

దీనికి నాకు వివరణ అక్కర్లేదు. అలాంటి మాట ఎక్కడ తగులుతుందో, తగిలిన చోట ఎంతకాలం ఉంటుందో నాకు తెలుసు.

ఆ రోజే పలక మీద అ రాస్తూ, "గిట్లనా అక్కా?" అని అడిగింది. "గిట్ల కాదమ్మా, 'ఇలా' అనాలి. మాట సరిగ్గా లేకపోతే రాత సరిగ్గా రాదు" అన్నాను. సరేనని తలూపింది. తర్వాతి ఆదివారం రాలేదు. పనుండి ఉంటుందనుకున్నాను. ఆ పై ఆదివారం వచ్చింది. ఆ రోజుతో కలిపి నెలాఖరుకి ఇంక మూడు ఆదివారాలే ఉన్నాయి.

ప్రింటర్ ఎంచుకోవడం అంటే దుకాణానికి వెళ్ళి వేలు చూపించడమనుకున్నాను. మా ఇంట్లో మా ఆయన పాత కంప్యూటర్ ఒకటి, నా లాప్‌టాప్ ఒకటి, ఇద్దరివీ ఫోన్లు, హాలు గుమ్మం మీద వైఫై డబ్బా. వీటన్నిటితోనూ కలిసి కాపురం చేసే ప్రింటర్ కావాలి. మా ఆయన హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో మేనేజరు. కాస్త చూసిపెట్టమన్నాను.

"నేను చూసేది బాయిలర్లే. ప్రింటర్లు కాదు."

"మీ బాయిలర్‌కి తెలుగు రాకపోయినా నడుస్తుంది. నాది అలా కాదు."

"అయితే నువ్వే చూసుకో" అని పేపర్లో తల దూర్చాడు. పెళ్ళయిన కొత్తలో గ్యాస్ కనెక్షన్ గురించి కూడా ఇదే మాట అన్నాడు.

నేనే చూసుకున్నాను. వారమంతా ఇంటర్నెట్లో చదివి నోటుబుక్కులో రాసుకున్నాను. రంగుల లేజరుది మా టీవీ బల్ల కంటే పెద్దది. చిన్న డబ్బాల ఇంకుది ఆదివారం ఆదివారం వాడితే మధ్యలో ఎండిపోతుందన్నారు. చివరికి నాలుగు ఇంకు ట్యాంకులుండి, పైన మూత ఎత్తితే కాగితం పెట్టి కాపీ తీసుకునే అద్దం ఉన్నది నయమనిపించింది. ప్రతి ప్రింటర్ పెట్టె మీదా అది ఏయే కంప్యూటర్లతో, ఏయే ఫోన్లతో కలుస్తుందో రాసి ఉంటుంది. ఏ భాషతో కలుస్తుందో ఎవరూ రాయరు.

కంప్యూటర్ల మార్కెట్లో దుకాణదారు నా ఈడువాడే, బట్టతల. నన్ను మాసీ అన్నాడు. అంటే పిన్ని. నా ఈడువాడికి నేను పిన్ని ఎలా అయ్యానో అడగలేదు, నోటుబుక్కు తీశాను.

"పాత కంప్యూటర్‌తో పనిచేస్తుందా?"

"చాల్సే."

"ఫోన్ నుంచి, వైఫై మీద?"

"చాల్సే, మాసీ, చాల్సే."

"తెలుగు వస్తుందా?"

"మద్రాసీ? బధూ చాల్సే."

అన్నీ నడుస్తాయన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ 'చాల్సే' అన్న మాట వినగానే నా చెవికి మన 'చాలు' వినిపిస్తుంది. నిశ్చింత కలుగుతుంది. అదే నా పొరపాటు.

ఇంటికి తెచ్చాక పాత కంప్యూటర్ దాన్ని గుర్తించనే లేదు. ప్రింటరేమో కొత్త సిస్టమ్ ఉంటేనే మాట్లాడతానంది. లాప్‌టాప్‌కి కనపడలేదు. మా వైఫై డబ్బా రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుందట, ఒకటి వేగంది, ఒకటి నిదానంది. మేమంతా వేగందాని మీద ఉన్నాం, ప్రింటర్‌కి నిదానంది తప్ప కంటికి ఆనదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందరం నిదానం పేరులోకి మారాం. మా ఆయన క్రికెట్ ఆగి ఆగి వస్తోందని సణిగాడు.

అప్పుడు గుణింతం ప్రింట్ కొట్టాను. తెర మీద 'కి' చక్కగా ఉంది, నల్లటి క మీద ఎర్రటి గుడి. కాగితం మీద క ఒక పక్కన, గుడి ఇంకో పక్కన, ఆ గుడి కింద చుక్కలతో ఒక సున్నా. రంగు వేసిన ప్రతి గుర్తూ తన అక్షరాన్ని వదిలేసి వేరు కాపురం పెట్టింది. ఫోన్ నుంచి పంపితే ఇంకా దారుణం, పేజీ నిండా ఖాళీ గళ్ళు.

సహాయం కోసం ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, పాట వినిపించారు. చివరికొక అమ్మాయి, "రీజినల్ ఫాంట్లు మా పరిధిలోకి రావు మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. మొదటిది చెయ్యకుండా ఇంకేమైనా ఏమిటన్నాను. మళ్ళీ పాట వినిపించింది.

దుకాణానికి వెళ్ళాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి పాడైన కాగితాలన్నీ ఆయన బల్ల మీద పరిచాను. ఆయన వాటిని చూడకుండానే, "చాల్సే అన్నాను మాసీ, దోడ్సే అనలేదు" అన్నాడు. నడుస్తుందన్నాను గాని పరిగెడుతుందనలేదు అని. వెనక కుర్రాళ్ళు నవ్వారు. జెరాక్స్ దుకాణంలో నవ్వకుండా మిగిలిపోయినవాళ్ళు ఇక్కడ ఉన్నట్టున్నారు. కాగితాలు ఏరుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కోపం కూడా రాలేదు. ఒళ్ళు బరువుగా ఉంది, అంతే.

అప్పటికి రెండు ఆదివారాలు మిగిలాయి. ఆమెకు అచ్చులు, హల్లులు వచ్చేశాయి. గుడి, కొమ్ము దగ్గర ఆగిపోయింది. నా దగ్గర రంగుల పేజీ ఒక్కటీ లేదు. ఆ ఆదివారం మిగతావాళ్ళకంటే ముందే వచ్చి, నేల మీద పరిచిన కాగితాలు చూసింది.

"ఏందక్కా, గిన్ని పాడైనయ్?"

చెప్పాను. చాల్సే సంగతి కూడా చెప్పాను. పకపకా నవ్వింది.

"గా మాట పట్టుకొని మిషన్ కొన్నరా? చాల్సే అంటె మంచిగ నడుస్తదని కాదక్కా. ఎట్లనో అట్ల సర్దుకొమ్మని. మా సేఠ్ రాళ్ళు తక్కువిచ్చి గూడ చాల్సే అంటడు."

"నాకెవరూ చెప్పలేదు."

"ఇరవై నాలుగేండ్ల సంది ఉన్నరు గదా!" అని, మూత ఎత్తి అద్దం చూసింది. "గిదేంది?"

"కాపీ తీసేది."

"దీనికి వైఫై గావాల్నా?"

"అక్కర్లేదు."

"మరింకేంది? జర స్కెచ్ పెన్నులు తీసి చేత్తోని రాయుండ్రి. దీంట్ల పెట్టి గుండీ ఒత్తుడే. కంప్యూటర్ కెళ్ళి పంపితే గదా దానికి తెలుగని తెలిసేది. మిషన్‌కి తెలుగని చెప్పకుండ్రి. బొమ్మ అనుకుంటది."

నేను రాశాను. నలుపు, ఎరుపు, నీలం. అద్దం మీద పెట్టి బటన్ నొక్కాను. 'కి' బయటికొచ్చింది, ఎర్రటి గుడిని నెత్తిన పెట్టుకుని. వారం రోజులు చదివి, నెట్‌వర్క్ అంతా మార్చి కొన్న ప్రింటర్, దేనితోనూ కలవకుండా ఒంటరిగా కూర్చుని చేసిన మొదటి మంచి పని అదే. సంతోషించాలి. నాకు మాత్రం, ఈ మాట ఆ బట్టతల మనిషి చెప్పి ఉంటే ఏం పోయేదనిపించింది.

ఆ వారం మధ్యాహ్నాలు కూడా రమ్మన్నాను. మూడు రోజులు వచ్చింది. రాళ్ళ జిగురు ఎండిన వేళ్ళతో ఎరుపు మీద, నీలం మీద చూపుడువేలు పెట్టి చదివేది. చివరి ఆదివారం ఫోన్లోని కాగితం ఫొటో ప్రింట్ తీశాను. ఫొటో గనక దానికీ తెలుగని తెలియలేదు, సరిగ్గా వచ్చింది. ఈసారి అక్షరాలన్నీ నల్లగానే ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను, నోరు మూసుకుని.

తండ్రి పేరు చదివింది. ఊరి పేరు చదివింది. తన పేరు దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. 'నా వాటా' చదివింది. ఆ తర్వాతి మాట దగ్గర చాలాసేపు పట్టింది. "ఇ... ష... ష కింద ట..." అంటూ వేలు ముందుకీ వెనక్కీ జరిపింది. అందిద్దామని నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఇష్ట... పూర్వ... కంగా." కూడబలుక్కుని, మళ్ళీ ఒకసారి కలిపి చదివింది. "ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను. గంతేనా అక్కా?"

"అంతే."

"నా ఇష్టమని రాసిండ్రు. నన్ను అడగకనే."

కాగితం మడవలేదు, దాని వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"గిట్ల అనొద్దని మీరు మొదటి దినమే అన్నరు గదా. ఇంటికి పోయినంక మస్తు ఏడుపొచ్చింది, మల్ల రావద్దనుకున్న. గిప్పుడు సమజైంది. మా చిన్నాయిన నాతోని గిట్లనే మాట్లాడతడు. కాగజ్ల మాత్రం మీ లెక్క మాట్లాడిండు. గందుకే నాకు తెల్వద్దని."

జిలేబీ అన్నవాడిది, మాసీ అన్నవాడిది, పాట వినిపించినామెది, అందరివీ నా దగ్గర ఉన్నాయి. నా మాట కూడా ఒకరి దగ్గర ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. నేను అన్నది మంచికేనని చెప్పబోయాను. వాళ్ళందరూ కూడా ఆ మాటే చెప్తారు.

"ఏం చేస్తావు?" అని మాత్రం అడిగాను.

"రేపు వస్తడు. సహీ పెట్టమంటడు గదా, పెట్టనే పెట్ట. రాసిస్త." తెల్ల కాగితం, నల్ల పెన్ను తీసుకుంది. "గి కి గుడా, గుడిదీర్ఘమా?"

"గుడి."

"ట్ల ఎట్లనో చెప్పుండ్రి."

"ట రాసి, కింద లావత్తు."

రాసింది. అక్షరాలు ఒకదానికంటే ఒకటి పెద్దవిగా ఉన్నాయి, వరుస కొంచెం పైకి పోయింది. *గిట్ల నాకు ఇష్టం లేదు.* కింద తన పేరు, తెలుగులో. నేను దేన్నీ దిద్దలేదు. ఆమె తనే లేచి, కాగితాన్ని అద్దం మీద బోర్లించి, తల ఎటో నన్ను అడిగి చూసుకుని, బటన్ నొక్కింది.

ఒక కాపీ నాకిచ్చింది.