రేకు మీద రెండు దెబ్బలు

నాకు విమానం దించడం నేర్పిన మేస్టారు పోయారని నరసరావుపేట నుంచి కార్డు వచ్చింది. మాచర్లలో బస్సు పట్టుకుని వెళ్లేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. చివరి చూపు దక్కలేదన్న బాధ ఉంది. కానీ ఆ గుమ్మం ఎక్కడానికి కాళ్లు రాకపోవడానికి కారణం వేరే.

మోటార్లు బాగుచేసే ఇంట్లో పుట్టి, మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పేదాకా వెళ్లిన మనిషి ఆయన. మన వైపు వాడినని నన్ను ఒరేయ్ అనేవారు. నేను మామా అనేవాణ్ణి.

ముక్కుతో వేగం పట్టుకో, ఇంజనుతో ఎత్తు పట్టుకో అని రోజూ చెప్పేవారు. దిగాల్సిన చోటు కళ్లముందు కదలకుండా ఉంటే దారి సరైనదే. అది జారి ముక్కు కింద దాక్కుంటుంటే ఎత్తు ఎక్కువైనట్టు. అప్పుడు ముక్కు వంచి దూకితే వేగం పెరిగి నేల మీద ఆగదు. ఒక రెక్క వంచి, కాలితో ఎదురువైపు పెడలు తొక్కి, పక్కకి జార్చుకుంటూ దించాలి. అదీ చాలకపోతే సిగ్గుపడకుండా పైకి లేచి చుట్టి రావాలి. అలా చుట్టి రమ్మనడానికి గుర్తుగా ముందు సీట్లోంచి విమానం పక్క రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేవారు. నేర్చుకునేవాడి చేతిలోంచి విమానం నడిపే కర్ర లాక్కోవడం ఆయనకు ఇష్టముండేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఒక వేసవిలో, రెంటచింతల పక్కన మా ఊరి బీడులో దిగబోయాం. మావాళ్లంతా కొబ్బరికాయలతో నిలబడ్డారు. కాలిన రాతినేల మీది వేడిగాలి మమ్మల్ని ఎత్తేసింది. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. విన్నాను. కానీ అమ్మ హారతి పళ్లెం పట్టుకుని ఎదురుగా ఉంటే వెనక్కి మళ్లడం అపశకునమనిపించింది, అంతకంటే నామోషీ అనిపించింది. ముక్కు వంచి దూకాను. ఆయన కర్ర అందుకునేసరికి ఆలస్యమైంది. గట్టుకు తగిలి చక్రాలు విరిగాయి. నాకు గీత కూడా పడలేదు. ఆయన కాలు విరిగింది.

విచారణలో, చుట్టి రమ్మని తాను చెప్పనే లేదన్నారు. ఆయన లైసెన్సు పోయింది, నాది మిగిలింది. ఎందుకలా అన్నారని తరవాత అడిగాను.

"నేను చానా ఎగిరాన్లేరా. నువ్వింకా ఎగరాల," అన్నారు.

ఆ మాట చాటున ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. కృతజ్ఞత అనుకున్నాను గాని, అది పిరికితనం.

మొన్న ఎలాగో ఆ గుమ్మం ఎక్కాక ఆయన కొడుకు నా పక్కన కూర్చున్నాడు. తప్పు తండ్రిదేనని పేటలో అందరూ అంటుంటే విని పెరిగినవాడు.

"నువ్వున్నావుగా అన్నా. ఆ రోజు జరిగిందేంది?"

"చుట్టి రమ్మని మీ నాయన రేకు మీద రెండుసార్లు కొట్టాడు. నాకు ఇనపడింది. తప్పు నాది."

అతను నన్ను తిట్టలేదు. తలుపు తెర వైపు చూశాడు.

"లోపల మా అమ్మ ఉంది. ఇంకోసారి గట్టిగా చెప్పు."

తెర వెనక చెంబు కింద పెట్టిన చప్పుడైంది. గోడకు ఆనించి ఉన్న ఆయన చేతికర్ర వంక చూస్తూ మళ్లీ మొదటినుంచి చెప్పాను.