పట్టాభి నింపిన మొదటి షిఫ్టు బస్సు

పుదుచ్చేరిలో, ఒర్లియంపేటలో ఉండే వి. పట్టాభి అరవై మూడేళ్ళ వయసులో, మోకాలికి పట్టీ వేసుకుని, ఒక ఫ్యాక్టరీని దొంగిలించాడు. గేటు, పొగగొట్టం, క్యాంటీను, అందులో ఉడుకుతున్న సాంబారు, అన్నీ కలిపి.

సరే, ఫ్యాక్టరీ అనడం కొంచెం ఎక్కువైంది. పొగగొట్టం ఇప్పటికీ అక్కడే ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు విల్లియనూరు రోడ్డు మీద వెళ్ళి చూసుకోవచ్చు. అతను ఎత్తుకుపోయింది ఆ ఫ్యాక్టరీ మొదటి షిఫ్టును. అదీ రెండు గంటలసేపే. ఎత్తుకుపోయాడనడం కూడా న్యాయం కాదేమో. బస్సు అతని స్టాపులో ఆగింది, అతను ఎక్కాడు. ఇంతకు మించి వెనక్కి తగ్గేది మాత్రం లేదు.

అది నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ. పట్టాభి పంతొమ్మిదో ఏట అందులో చేరి, మౌల్డింగ్ షాపులో, అంటే అందరూ ఇసుక షాపు అనే విభాగంలో, ముప్ఫై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. పెట్టెలో ఇసుక కూరి పంపు అచ్చు తియ్యాలి, అందులో కరిగిన ఇనుము పొయ్యాలి, చల్లారాక ఆ ఇసుకను సుత్తితో కొట్టి రాల్చాలి. రాల్చినప్పుడు లేచే దుమ్ములో పక్కమనిషి కనపడడు, దగ్గు మాత్రం వినపడుతుంది. ఇంటికొస్తే భార్య హేమావతి వాకిట్లోనే నిలబెట్టి చీపురుతో దులిపేది.

"నీ ఒంటిమింద రాలిందంతా కూడబెట్టింటే ఈ పాటికి మేడ కట్టేసుందుమయ్యా" అనేది.

రిటైరైన రోజు మెడలో దండ వేశారు, చేతిలో గోడ గడియారం పెట్టారు, గేటు దగ్గర టోకెన్ బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. పట్టాభి టోకెన్ నాలుగు వందల పదిహేడు. ఆ బిళ్ళ ఇచ్చేటప్పుడు అతనికి కోపం రాలేదు. నిజానికి అంతవరకూ పట్టాభి కోపిష్టి కాడు. కాఫీలో పంచదార మరిచిపోయినా కిక్కురుమనకుండా తాగే మనిషి.

అతన్ని మార్చింది ఏలుమలై దగ్గు.

ఏలుమలైది కిరుమాంబాక్కం. పేరు తమిళమే గానీ ఇంట్లో తెలుగే. ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టాభి పక్కనే నిలబడి ఇసుక రాల్చినవాడు. ఇప్పుడు వాకిలి నుంచి పంపు దగ్గరికి పోవాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు. టీబీ అని రెండు విడతలు మాత్రలు మింగించారు. తగ్గలేదు. బీడీ అలవాటేమో అన్నారు. జన్మలో బీడీ ముట్టని మనిషి. చివరికి పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరు తిన్నగా అడిగింది: ఏం పని చేసేవాడివి, ఎన్నేళ్ళు, పాత ఎక్స్‌రేలు ఉన్నాయా? ఇసుక దుమ్ము జబ్బని నా అనుమానం, పాతవి చూస్తే ఖాయంగా చెప్పి రాసిస్తాను అంది.

ఉన్నాయి. ఏటా జూన్‌లో ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో వరసగా నిలబెట్టి అందరికీ ఎక్స్‌రే తీసేవారు. మర్నాడు "నార్మల్" అనేవారు. ఫిల్ము ఎవరి చేతికీ ఇవ్వలేదు.

పట్టాభి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయాడు. కొత్త సెక్యూరిటీవాడు చీటీ పుస్తకం తీశాడు.

"ఎవురిని చూడాల?"

"ఏలుమలై ఊపిరితిత్తుల్ని" అన్నాడు పట్టాభి. "లోపల మీ బీరువాలో ఉండాయి."

సెక్యూరిటీవాడు కాసేపు ఆలోచించి, చీటీ మీద 'పర్సనల్' అని రాశాడు.

లోపల పర్సనల్ ఆఫీసరు పేరు సాయిగణేష్. ముప్ఫై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. ఆ మర్యాదే పట్టాభి కడుపులో మొదటి నిప్పు వేసింది.

"అంకుల్, మెడికల్ ఫైల్స్ కాన్ఫిడెన్షియల్. ఎవరిది వాళ్ళే అడగాలి. టోకెన్ చూపించి ఫారం నింపాలి."

"టోకెను మీరే పెరుక్కున్నారు గదప్పా!"

"అది రూల్ అంకుల్. లేదంటే రిజిస్టర్డ్ అసోసియేషన్ ఉంటే, అందరి తరఫునా రిక్వెస్ట్ పెట్టొచ్చు. కానీ త్వరగా. పాత ఫైళ్ళన్నీ మార్చి నెలాఖరుకి స్క్రాప్‌కి వెళ్ళిపోతాయి. పాలసీ."

అది జనవరి రెండోవారం. ఏలుమలై ఊపిరితిత్తులు పాత ఇనుప సామాన్లవాడి తక్కెడ ఎక్కడానికి పదకొండు వారాలుంది.

సంఘం రిజిస్టరు కావాలంటే సభ్యుల పేర్లు, చిరునామాలు కావాలి. రిటైరైనవాళ్ళ చిరునామాలు అడిగితే అవీ కాన్ఫిడెన్షియల్ అన్నారు. పట్టాభి వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. పదిరోజుల్లో తొమ్మిదిమంది చేరి, పొద్దున్నే గులాబీలు పంపుకున్నారు.

"గులాబీలు ఎవురడిగినార్రా?" అని పట్టాభి ఫోనును మంచం మీదికి విసిరాడు.

హేమావతి ఆ ఫోను తీసి తుడిచి, "ఎందుకట్టా ఎగరతావు? రోజూ ఆ మనుషులు యాడ యెక్కేవాళ్ళో తెలీదా నీకు? ఎక్కినచోటికి పోయి అడుగు" అంది.

నిజమే కదా. ఫ్యాక్టరీలో మనిషికి మనిషి పేరుతో తెలియడు, బస్సు స్టాపుతో తెలుస్తాడు. షిఫ్టు బస్సు బాహూరులో బయల్దేరి, కిరుమాంబాక్కం మీదుగా కడలూరు రోడ్డు పట్టుకుని, ఊళ్ళోకొచ్చి నెల్లితోపు దాటి పోతుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడికి చిరునామాల పుస్తకం ఎందుకు?

మర్నాడు మోపెడ్ ఎక్కి బాహూరు పోయాడు. ఒక్కొక్క స్టాపులో దిగి, టీ కొట్టులో అడిగాడు: "టిఫిన్ క్యారియర్ ఊపుకుంటా బస్సు కదిలినాక పరిగెత్తేటోడు ఒగుడుండె, యాడున్నాడు?" "ఆయనా, మూడో వీధి" అనేవారు. "మీసాలాయన, రోజూ డ్రైవరుతో తగాదా పెట్టుకునేటోడు?" "అయ్యో, పోయి రెండేళ్ళాయె సామీ."

మూడు వారాల్లో ఏడు వందల మంది దొరికారు. ఏడు వందలు కాదులెండి, నూట పదమూడు. ఆ లెక్కలో మాత్రం అబద్ధం లేదు, ఎందుకంటే రెండో లెక్క కూడా ఉంది: పద్నాలుగు ఇళ్ళలో ఫోటోకి దండ వేసి ఉంది. అందులో తొమ్మిదిమంది ఇసుక షాపువాళ్ళు. తొమ్మిది ఇళ్ళలోనూ ఆడవాళ్ళు ఒకటే చెప్పారు. దగ్గు, ఆయాసం, టీబీ మాత్రలు, తర్వాత పాడె. తొమ్మిదో ఇంట్లో నీళ్ళిస్తే పట్టాభి తాగలేకపోయాడు. చెంబు గుమ్మం మీద ఠంగుమని పెట్టి బయటికొచ్చేశాడు. అది ఏడుపు కాదు.

సంఘం రిజిస్టరైంది. ప్రెసిడెంటు ఎవరన్న దాని మీద రెండు ఆదివారాలు తిట్టుకుని, చివరికి ఎక్కువ గట్టిగా అరిచింది పట్టాభే కాబట్టి అతన్నే చేశారు. కంపెనీ ఏడుగురిని చర్చకు పిలిచింది. క్యాంటీన్ హాల్లో బ్యానరు కట్టి ఉంది. సాయిగణేష్ తలా ఒక టోపీ ఇచ్చాడు. కంపెనీ పేరున్న టోపీ.

"సంఘానికి మా ఫుల్ సపోర్ట్ అంకుల్. ఏటా సీనియర్ ఫ్యామిలీ డే చేస్తాం. గ్రూప్ ఫోటో, లంచ్…"

"ఎక్స్‌రేలు" అన్నాడు పట్టాభి.

"యోగా క్లాసులు కూడా…"

"ఊపిరాడనోడికి యోగా ఏందప్పా! ఎక్స్‌రేలు!"

అప్పటికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. సాయిగణేష్ నిట్టూర్చి, కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశాడు. అనుమతి చీటీ మీద సంతకం పెట్టబోతున్నాడు. సరిగ్గా అప్పుడు షిఫ్టు సైరన్ మోగింది.

ఏడుగురూ లేచారు. టీ గ్లాసులు కింద పెట్టి, ఒకరి వెనక ఒకరు గేటువైపు నడిచారు. పంచింగ్ మిషను ముందు నిలబడి, చొక్కా జేబులో లేని కార్డుకోసం తడుముకుంటుండగా పట్టాభికి తెలివొచ్చింది. పరిగెత్తి వెనక్కి వస్తే హాల్లో బ్యానరు ఒక్కటే ఉంది. సార్ వేరే మీటింగుకి వెళ్ళారన్నారు. మళ్ళీ ఎప్పుడంటే, ఏప్రిల్లో అన్నారు. సెక్యూరిటీవాడు నవ్వు ఆపుకోలేక చీటీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కిరుమాంబాక్కంలో ఏలుమలై మంచం పక్కన కూర్చుని పట్టాభి టోపీని పరపరా చించాడు.

"సిగ్గులేని కాళ్ళు! వాళ్ళు ఈల వేస్తే లేస్తాయి. నలభై ఏళ్ళు లేచినా బుద్ధి రాలా వీటికి!"

ఏలుమలై నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. అతని భార్య తిలగం వీపు రాస్తూ నిలబడింది. "నేనుంటే నేనూ లేస్తాను పట్టాభీ" అన్నాడు చివరికి. "నువ్వు సుమ్మా ఊరికే అరస్తా ఉంటే ఎట్టా? వాళ్ళు లోపలికి రానిచ్చేది షిఫ్టువాళ్ళనే గదా."

పట్టాభి చిరిగిన టోపీ వైపు చూశాడు. తర్వాత ఏలుమలై వైపు చూశాడు. "అయితే షిఫ్టుకే పోదాం లే" అన్నాడు.

మార్చి చివరి వారంలో ఒక మంగళవారం, పొద్దున ఐదూ పదికి, డ్రైవర్ పాండియన్ బాహూరు స్టాపులో బస్సు ఆపాడు. స్నానాలు చేసి, విభూతి పెట్టుకుని, చేతిలో టిఫిన్ క్యారియర్లతో పద్దెనిమిదిమంది ముసలివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు.

"ఏందన్నా ఇది? యాడికి?"

"షిఫ్టుకప్పా. లేటయితే మేస్త్రీ అరస్తాడు, పద" అన్నాడు వరసలో మొదటి ముసలాయన.

పాండియన్ ఒక్క క్షణం వాళ్ళ మొహాలు చూశాడు. వాళ్ళ నాన్న కూడా ఇసుక షాపే. గేరు వేశాడు. కిరుమాంబాక్కం దాటేసరికి సీటు లేదు, నెల్లితోపు వచ్చేసరికి ఫుట్‌బోర్డు లేదు. అసలు షిఫ్టువాళ్ళు స్టాపుల్లో నిలబడి, నిండిన బస్సు చూసి, బస్సులో ఉన్న తమ మామల్నీ పెదనాన్నల్నీ చూసి, నోరు మూసుకుని టీ తాగడానికి పోయారు. షిఫ్టు బస్సుకి గేటు దగ్గర తనిఖీ లేదు. సెక్యూరిటీవాడు సలాం కూడా కొట్టాడు.

అందరూ మౌల్డింగ్ షాపులోకి వెళ్ళి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఏలుమలైని తిలగం, పట్టాభి చెరో రెక్కా పట్టుకుని తెచ్చి, అతను ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబడిన చోట స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆరు గంటల సైరన్ మోగింది. రాత్రి షిఫ్టువాళ్ళు లేచి కార్డులు కొట్టి వెళ్ళిపోయారు. ముసలివాళ్ళ కాళ్ళు కదిలాయి, పట్టాభి అటూ ఇటూ చూస్తూ గొంతు చించుకున్నాడు. "కూచో! ఒక్కడు లేచినా కాలు విరస్తా! కూచోండ్రా!" ఎవరూ లేవలేదు.

కొలిమిలో కరిగిన ఇనుము పొయ్యడానికి మనిషి లేడు. జనరల్ మేనేజరు సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు. ఇనుము గడ్డకడితే కొలిమి పాడైపోతుందని అరిచాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలువు" అన్నాడు పట్టాభి. "గడ్డకట్టిన ఇనుము సుత్తితో పగలగొట్టుకోవచ్చు సార్. మేమే కొట్టిస్తాం, మాకు తెలిసిన పనే. వీడి రొమ్ములో గడ్డకట్టింది ఏ సుత్తితో కొడతావు? చెప్పు! తొమ్మిదిమందిని పూడ్చినాము. నార్మల్ అంటిరే! ఎవుడయ్యా నార్మల్?"

ఎనిమిదింటికి స్కూటర్ షెడ్డు వెనకనుంచి ట్రాలీ మీద అట్టపెట్టెలు వచ్చాయి. తాడు కట్టి, స్క్రాప్ అని సున్నంతో రాసి ఉన్న పెట్టెలు. వాటితో ఒక కాగితం కూడా వచ్చింది. ఈ రోజు ఫ్యాక్టరీలో ఏ సంఘటనా జరగలేదని, సంఘం విన్నపం మీద కంపెనీ తనంతట తానే ఫైళ్ళు ఇచ్చిందని. పట్టాభి సంతకం పెట్టి, మొదటి పెట్టె తాడు తెంపాడు.

ఏలుమలై ఫిల్ముల కవరులో ఒక కార్డుంది. ఎర్రసిరాతో డిస్పెన్సరీ డాక్టరు రాసిన ఇంగ్లీషు. పట్టాభి దాన్ని సాయిగణేష్ చేతిలో పెట్టాడు. "చదువు. గట్టిగా."

"'ఇసుక పని నుంచి వెంటనే మార్చవలెను'" అని చదివాడు సాయిగణేష్. కింద చూశాడు. గొంతు తగ్గింది. "మరుసటి ఏడు కూడా అదే. ఆ తర్వాతా… ఆరేళ్ళు అంకుల్. ఆరుసార్లు రాశారు."

"వాడికేం చెప్పినారు?"

సాయిగణేష్ కార్డు తిప్పి వెనకవైపు వెతికాడు. షాపులో అంతమంది ఉన్నా ఏలుమలై ఊపిరి తీసే చప్పుడు వినపడింది. కిందా మీదా పడి, ఈలలాగా.

పట్టాభి తన కవరు కూడా తీసుకున్నాడు. తెరవలేదు. చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఫిల్ములు వెలుగులో వరసగా పెట్టి చూసి, జబ్బుకి అసలు పేరు రాసిచ్చింది. టీబీ మాత్రలు మాన్పించింది. ఏలుమలైకి ఆయాసం తగ్గలేదు, ఇక తగ్గదు కూడా. కానీ ఇప్పుడు కాగితం ఉంది. అతనిదీ, ఇంకా ముప్ఫై ఎనిమిదిమందివీ కలిపి సంఘం లేబర్ ఆఫీసులో కేసు వేసింది. కంపెనీ వకీలు లేచి, సంతకం పెట్టించుకున్న కాగితాన్ని పక్కకి నెట్టి, ఆ ఫైళ్ళు బస్సు ఆక్రమించి దౌర్జన్యంగా ఎత్తుకెళ్ళినవి కాబట్టి చెల్లవని వాదించాడు.

విచారణ చేస్తున్న అధికారి భువనేశ్వరి కళ్ళజోడు సర్దుకుని పట్టాభిని బోను దగ్గరికి పిలిచింది. మార్చి చివరి మంగళవారం మీరు షిఫ్టు బస్సు ఎక్కారా, వందమందితో లోపల కూర్చున్నారా, కొలిమి ఆపారా అని అడిగింది.

పట్టాభి ఇస్త్రీ చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"ఏ బస్సమ్మా? రిటైరైనోడికి షిఫ్టు బస్సుతో ఏం పని? ఆ పొద్దు నేను మా ఇంట్లో పండుకోనుండా, మోకాలి నొప్పి, మా ఆవిడ్ని అడగండి. ఏలుమలై అయితే వాకిలే దాటలేడు, ఫ్యాక్టరీకి యాడ పోతాడు? కొలిమా? వందమంది ముసలోళ్ళా? ఎవురో పనీపాటా లేనోడు చెప్పుంటాడు, వీళ్ళు నమ్మినారు. కంపెనీవాళ్ళు మంచోళ్ళు, పిలిచి ఇచ్చినారు. వాళ్ళే రాసి నాతో సంతకం పెట్టించినారు, చూడండి. అట్టాంటిదేమీ జరగలా."