మూడు జీబీల జాగా

పెంఘూ దీవుల్లో ఒక చిన్న రేవులోని జాలర్ల సంఘం ఆఫీసులో సూహ్వే గుమాస్తా. వయసు యాభై రెండు. గాలి జోరు, అలల ఎత్తు గంటగంటకూ రేవు లౌడ్‌స్పీకర్లలో చదివి వినిపించే పాత కంప్యూటర్ పదకొండేళ్లుగా ఆవిడ చేతిమీదుగానే నడుస్తోంది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ లినక్స్. పాడుచేసుకుంటూ, బాగుచేసుకుంటూ తనకు తానే నేర్చుకున్న విద్య అది.

పాత లినక్స్ ఉన్నవాటికి ఎల్లుండి నుంచి సమాచారం అందదని వాతావరణ కేంద్రం కబురు పంపింది. కొత్తదానికి మారదామంటే డిస్కులో మిగిలింది మూడు జీబీలే. ఇంకో డిస్కు స్టీమరులో రావాలి. ఈశాన్యపు గాలికి స్టీమరు నాలుగు రోజులుగా రావడం లేదు. ఎల్లుండి గాలి తగ్గితే మాత్రం స్టీమరు కంటే ముందే యాభై పడవలు వేటకు పోతాయి.

"బటన్ నొక్కెయ్యక్కా, ఏదైతే అదవుతుంది," అన్నాడు కార్యదర్శి క్వోలియాంగ్.

"మధ్యలో ఆగిపోతే? రేవులో నిలబడి నువ్వు అరుస్తావా?"

సూహ్వే తన సొంత కంప్యూటర్ తెచ్చింది. పెన్‌డ్రైవ్‌తో పాత లినక్స్‌కు నకలు తీసి అందులో పెట్టి, మిగతా చోటును పనికిరాని ఫైలుతో నింపి, సరిగ్గా మూడు జీబీలే ఖాళీ ఉంచింది. అసలుదానికి ఏ ఇరుకు ఉందో నకలుకూ అదే ఇరుకు.

టీ తాగడానికి వచ్చిన ముసలి జాలరి థ్యెన్‌పావ్ తొంగిచూశాడు. "ఏంటమ్మాయ్, డబ్బాకి సుస్తీ చేసిందా?"

"ఆపరేషన్ ముందు బొమ్మకి చేసి చూస్తున్నా తాతా."

బొమ్మ బతకలేదు. ముప్పాతిక వంతు పని అయ్యాక జాగా చాలక ఆగింది, మళ్లీ లేవలేదు. సూహ్వే ముందు మిగిలింది నల్లటి తెరే. అసలుదాన్నే ముట్టుకుని ఉంటే రేవు మూగబోయేది.

అసలు డిస్కులో ఏమేం పేరుకుపోయాయో వెతికింది. ఎప్పటెప్పటివో పాత లినక్స్ ముక్కలు, వాడి వదిలేసిన ఫైళ్లు, ఒక మూల క్వోలియాంగ్ మైకు పట్టి పాడుకున్న పాటలు నాలుగు జీబీలు.

"ఇవేంటి నాయనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆవిడకి చెప్పకక్కా."

పాటల్ని అతని ఫోనులోకి పంపి, చెత్త తీసేసి, కొత్తగా తీసిన నకలులోనూ అంత జాగా వదిలి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా వెళ్లింది. గొంతు మాత్రం రాలేదు. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, శబ్దం వేరే తీగలోకి పోతోందని. సెట్టింగుల్లో ఒక్క వరుస మార్చి, మూడోసారి మొదటినుంచీ నడిపింది. అన్నీ పలికాయి.

మర్నాడు పొద్దున అసలుదాన్ని ముట్టుకుంది. రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు. పదకొండు కొట్టగానే రేవంతా మోగింది: "ఈశాన్యపు గాలి జోరు ఐదో మెట్టుకు తగ్గింది. అలలు రెండు మీటర్లు."

"గొంతు మారిందేంటే? జలుబు చేసినట్టుంది!" బయటినుంచి థ్యెన్‌పావ్ కేకేశాడు.

"జలుబైతే చేసింది గానీ ప్రాణం ఉంది కదా తాతా!" అని సూహ్వే పకపకా నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని. చల్లారిపోయిన సేమ్యా గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆఫీసు మెట్టుమీద కూర్చుంది. రేవులో జాలర్లు వలలు సర్దుకుంటుంటే చూస్తూ, ఒక్క పోగు కూడా మిగల్చకుండా తినేసింది.