సీటు పట్టిన బొమ్మరైలు

2009 మే నెల. సూర్యాపేటలో మా వాడకట్టు పిల్లలు నలుగురు ముక్కలు కూర్చి కట్టే బొమ్మరైలు కావాలన్నారు. కొత్త పెట్టె రెండు వేల నాలుగు వందలు. మిర్యాలగూడలో ఒక దుకాణంలో అవే ముక్కలు విడిగా ఆరు వందల నలభైకి వస్తాయని తెలిసింది. పిల్లలు తలా నూట అరవై కూడబెట్టి నా చేతిలో పెట్టారు.

ముక్కలు కొని బస్టాండుకు వచ్చాను. బస్సు నిండిపోతోంది. అందరిలాగే కిటికీలోంచి సంచి వేసి సీటు పట్టాను. తలుపు దగ్గరికి చేరేలోగా బస్సు కదిలిపోయింది!

"అవ్వా, అది కోదాడ బస్సు! జర బోర్డు సూడొద్దా? ఇగ ఎనక బస్సెక్కి ఉర్కు!" అన్నాడు పక్కనున్న ఆటో అతను.

బోర్డు చదవకుండా ఏనాడూ బస్సెక్కని దాన్ని. తర్వాతి బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. పిల్లలకు ఏం చెప్పాలి?

కోదాడలో ఆ బస్సు ఇంకా ఉంది. సంచి కూడా సీటు మీదే ఉంది.

"మీదేనా అమ్మా? సంచి వేసిన సీటు కదాని ఎవరూ కూర్చోలేదు. పాపం, ఒక పెద్దాయన చేతికర్రతో నిలబడే వచ్చాడండీ!" అన్నాడు కండక్టర్.

ఆయన అప్పటికే దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పిల్లలు రైలు కట్టి, బొమ్మ మనుషులను ఎక్కిస్తుంటే, ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంచమన్నాను.